విశాఖలో యూరాలజీ వార్షిక సదస్సు మీ నెత్తిన పడితే

రాష్ట్ర యూరాలజీ (కిడ్నీ, మూత్రమార్గం సర్జరీ) సంఘం జనరల్ బాడీలో ఎవరో ఒకరు లేచి "వచ్చే ఏడాది వైజాగ్‌లో పెట్టుకుందాం, బీచ్ కూడా ఉంది" అంటారు. చప్పట్లు మోగుతాయి. అవి ఆగేలోపే ఆర్గనైజింగ్ సెక్రటరీ పేరు కూడా ఖాయమైపోతుంది. చాలాసార్లు అది ఆ రోజు మీటింగ్‌కు రానివాడి పేరే. నాకూ అలాగే వచ్చింది. ఇక ముందు ఆ వంతు రాబోయే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. విశాఖను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా, ఊరి సంగతులు మార్చుకుంటే తిరుపతిలోనో కాకినాడలోనో చేసేవాళ్ళకూ ఉపయోగపడవచ్చు.

ముందే ఒక మాట. సదస్సులో మీరు కనిపెట్టుకుని ఉండాల్సింది ఇద్దర్ని. వర్క్‌షాపు రోజున ఆపరేషన్ బల్ల మీద బోర్లా పడుకున్న పేషెంటు ఒకరు. పేపరు చదవడానికి వచ్చి, తన వంతు కోసం నోరెండిపోయి చివరి వరుసలో కూర్చున్న ఎంసీహెచ్ (సూపర్ స్పెషాలిటీ సర్జరీ కోర్సు) రెసిడెంటు రెండోవారు. వేదిక మీద ఎవరి కుర్చీ ఎవరి పక్కన పడింది, శాలువా ఎవరికి ముందు కప్పారు అనే గొడవలతో మీ టైమంతా తినేయడానికి చాలామంది సిద్ధంగా ఉంటారు. ఆ పనులు ఓపికున్న ఒక సీనియర్‌కు అప్పగించేసి మీరు తప్పుకోండి.

తేదీ

క్యాలెండర్ పక్కన పంచాంగం కూడా పెట్టుకుని కూర్చోండి. జనవరి చుట్టుపక్కల జాతీయ సదస్సు యూసికాన్ ఉంటుంది, మధ్యలో సంక్రాంతి. ఆ నెల వదిలేయండి. మే నెలలో మన ఊరి ఉక్కపోత సంగతి బయటివాళ్ళకు తెలియదు, సూట్లు వేసుకుని వచ్చేస్తారు. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఊరిని ఏం చేసిందో చూసినవాళ్ళెవరూ ఆ నెలలో మూడొందల మందిని పిలవాలని అనుకోరు. డిసెంబర్ బాగుంటుంది గానీ, నేవీ డే విన్యాసాలు మన బీచ్‌లో ఉంటే రిహార్సల్స్‌తో సహా ఆ వారమంతా బీచ్ రోడ్డు మనది కాదు.

పెద్ద హాళ్ళన్నీ ముహూర్తాల మీద బతుకుతాయి. అందుకే నేను ఆషాఢం వైపు మొగ్గుతాను. పెళ్ళిళ్ళుండవు, హాలు దొరుకుతుంది, అద్దె విషయంలో బేరానికీ దిగొస్తారు. అయితే ఆషాఢంలో ఒక గండం ఉంది. పౌర్ణమికి ముందు సింహాచలం గిరి ప్రదక్షిణ. 32 కిలోమీటర్లు, లక్షల జనం, రాత్రంతా నడక. హనుమంతవాక, అప్పుఘర్, ఇసుకతోట, ఎన్ఏడీ దారులన్నీ భక్తులతో నిండిపోతాయి. మీ హాలు రుషికొండలో, వర్క్‌షాపు ఆస్పత్రి ఊళ్ళో ఉంటే ఆ రోజు రెండింటికీ మధ్య దారే ఉండదు. ఆషాఢంలో పౌర్ణమి ఉన్న వారాంతం తప్ప ఏదైనా తీసుకోండి.

లైవ్ సర్జరీ: పెట్టాలా వద్దా

సదస్సుకు పేరొచ్చేదీ, పోయేదీ మొదటిరోజు వర్క్‌షాపుతోనే. బయటి నుంచి పేరున్న సర్జన్ వస్తాడు, మన ఆస్పత్రి థియేటర్‌లో ఆపరేషన్ చేస్తాడు, హాల్లో అందరూ పెద్ద తెర మీద చూస్తారు. నేర్చుకోవడానికి ఇంతకు మించింది లేదని ఒకప్పుడు అందరం అనుకున్నాం. ఇప్పుడు ఆ మాట మీద గట్టి ప్రశ్నలున్నాయి. యూరప్ యూరాలజీ సంఘం 2014లోనే లైవ్ సర్జరీకి నియమావళి రాసుకుంది. మన దేశంలో ఈ విషయం 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, జాతీయ వైద్య కమిషన్‌కు నోటీసులు కూడా అందాయి. మీ ప్రోగ్రాం అచ్చు వేయించే ముందు కమిషన్ తాజా మార్గదర్శకాలు తెప్పించుకుని చదవండి, ఆస్పత్రి ఎథిక్స్ కమిటీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అతిథి వేరే దేశం నుంచి వస్తుంటే ఇక్కడ చెయ్యి వేయడానికి ఆయనకు విడిగా తాత్కాలిక అనుమతి కావాలి. దానికి నెలలు పడుతుంది.

నా అభిప్రాయం అడిగితే, ఒకటో రెండో లైవ్ పెట్టి మిగతావి సెమీ లైవ్ పెట్టండి. అంటే సర్జన్ తన థియేటర్‌లో, తన జట్టుతో, తన తీరికలో చేసిన ఆపరేషన్ వీడియోను కత్తిరింపులు లేకుండా తెచ్చి, హాల్లో నిలబడి వివరిస్తాడు. రక్తం వచ్చిన చోట ఆపి అడగవచ్చు, వెనక్కి తిప్పి చూపించమనవచ్చు. లైవ్‌లో ఆ రెండూ కుదరవు. కుర్రాళ్ళు నిజంగా నేర్చుకునేది ఇక్కడే. కానీ పెద్దలు ఒప్పుకోరు. "లైవ్ లేకపోతే జనం రారు" అంటారు. ఆ మాటలోనూ కొంత నిజముంది, అందుకే ఒకటో రెండో అన్నాను.

పేషెంటును ఎంచుకోవడం

ఇక్కడ తొందరపడొద్దు. కనీసం రెండు వారాల ముందు పేషెంట్లు ఖరారు కావాలి. వీపు నుంచి కిడ్నీలోకి రంధ్రం చేసి రాయి తీసే పీసీఎన్ఎల్‌కు యూరిన్ కల్చర్ (మూత్రంలో క్రిముల పరీక్ష) రిపోర్టు రావడానికే రెండు మూడు రోజులు, క్రిములుంటే యాంటీబయాటిక్స్‌కు వారం, మళ్ళీ కల్చర్. పీసీఎన్ఎల్ తర్వాత మనందరినీ నిద్రపోనివ్వనిది సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ఒళ్ళంతా దెబ్బతినడం. తెర మీద రాయి ఎంత అందంగా పగిలినా రాత్రికి పేషెంటుకు చలిజ్వరం వస్తే ఆ సదస్సు పాడైనట్టే. రక్తం పల్చబడే మాత్రలు ఎప్పుడు ఆపాలి, గుండె సంగతేమిటి, ఇవన్నీ మత్తు డాక్టరు ముందే చూడాలి. కిడ్నీ అంతా కొమ్ములు సాచిన రాయి ఉన్నవాళ్ళను "చూడ్డానికి బాగుంటుంది" అని తీసుకురావద్దు. మామూలుగా మీ చేతులతో మీరు ధైర్యంగా చేసే కేసే లైవ్‌కు సరైన కేసు.

అనుమతి పత్రం ఇంగ్లీషులో పెట్టి వేలిముద్ర వేయించుకుంటే అది అనుమతి కాదు. కూర్చోబెట్టి తెలుగులో చెప్పండి. ఒకసారి నర్సీపట్నం వైపు నుంచి వచ్చిన పెద్దాయనకు ఇదంతా వివరిస్తున్నాను. కళ్ళు చిట్లించి విని, "నా రాయిని అంతమంది సూత్తారేటి బాబూ?" అన్నాడు.

"చూస్తారు తాతా. మీ ముఖం కనబడదు, పేరు కనబడదు. ఇష్టం లేదంటే నేనే చేస్తాను, మామూలుగానే, అదే రోజు."

కాసేపు ఆలోచించాడు. "సూత్తే సూడనీ. మరి ఆ బాబు ఇమానమెక్కి ఎల్లిపోతాడు కదా. రేత్రి నొప్పెడితే ఎవుల్నడగాల?"

ఏ నియమావళిలోనైనా ముఖ్యమైన ప్రశ్న ఇదే. కేసు షీటు మొదటి పేజీ మీద స్థానిక సర్జన్ పేరు, ఫోన్ నంబరు పెద్దక్షరాల్లో ఉండాలి. ఆ సర్జన్‌కు ఆ రోజు సదస్సులో వేరే పని ఏదీ పెట్టొద్దు. సాయంత్రం బ్యాంక్వెట్‌కు కూడా ఆయన రాడు, వార్డులో ఉంటాడు. అందుకు ఒప్పుకునేవాడినే ఎంచుకోండి. పెద్దాయన ఖర్చు సంగతి కూడా మొదటే తేల్చండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందా, రాకపోతే సంఘం భరిస్తుందా, ఐసీయూ అవసరమైతే ఎవరు కడతారు అన్నది కాగితం మీద ఉండాలి.

థియేటర్‌లో

అతిథి సర్జన్‌కు నెల ముందే ఒక ఫారం పంపండి. ఏ గైడ్ వైర్ (దారి చూపే తీగ), ఏ షీత్ (స్కోప్ దూర్చే గొట్టం), ఏ స్కోప్, ఏ లేజర్, ఏ స్టెంట్ (మూత్రం దిగడానికి కిడ్నీ నుంచి మూత్రసంచిలోకి వేసే గొట్టం). సైజులు ఫ్రెంచ్‌లోనే (గొట్టాల మందం కొలత) రాయించండి. "సన్న షీత్" అని ఫోన్‌లో చెబితే ఆయన మనసులో 16 ఫ్రెంచ్ ఉండొచ్చు, మన స్టోర్ కుర్రాడు 24 తెచ్చిపెట్టొచ్చు. మూడు ఫ్రెంచ్‌కు ఒక మిల్లీమీటరు కదా, ఆ తేడా కిడ్నీకి బాగా తెలుస్తుంది.

కరెంటు సంగతి చాలామంది మరిచిపోతారు. అధిక శక్తి హోల్మియం లేజర్ మామూలు గోడ ప్లగ్‌తో నడవదు, దానికి విడిగా లైన్ లాగించాలి. థులియం ఫైబర్ లేజర్ మామూలు ప్లగ్‌తో నడుస్తుంది. డెమోకు మెషీన్ తెచ్చే కంపెనీవాళ్ళను ముందు వారమే రప్పించి, మీ థియేటర్‌లోనే ఆన్ చేసి చూపించమనండి. ఒకచోట, ఎక్కడో చెప్పను, ఉదయం ఎనిమిదికి మెషీన్ దింపారు, ప్లగ్ పట్టలేదు. ఎలక్ట్రీషియన్ గోడకు డ్రిల్లు వేస్తున్న చప్పుడు హాల్లో స్పీకర్ల నుంచి వినిపించింది. లేజర్ రకాన్ని బట్టి కళ్ళద్దాలు వేరు, తలుపు మీద బోర్డు వేరు. అవి కూడా లెక్కలో రాసుకోండి.

ఆపరేషన్ జరిగే చోట కడగడానికి పారించే సెలైన్ గురించి రెండు మాటలు. లేజర్‌కూ బైపోలార్ కరెంటుకూ సెలైన్. పాత మోనోపోలార్ కరెంటుతో టీయూఆర్పీ (మూత్రమార్గం నుంచి ప్రోస్టేట్‌ను చెక్కి తీయడం) ఎవరైనా చేస్తే 1.5 శాతం గ్లైసిన్. మోనోపోలార్ లూప్‌కు (కోసే తీగకు) సెలైన్ తగిలిస్తే కరెంటు నీళ్ళలోనే చెదిరిపోయి లూప్ కోయదు. అతిథి పెడల్ తొక్కుతూనే ఉంటాడు, జనరేటర్ సెట్టింగ్ పెంచమంటాడు, ఎవరికీ అర్థం కాదు. గ్లైసిన్ సంచి ఎక్కువసేపు నడిస్తే అది ఒంట్లోకి చేరి సోడియం పడిపోతుంది, పేషెంటు తికమక పడతాడు. అందుకే రెండు రకాల సంచులు ఒకే థియేటర్‌లో పెట్టొద్దు. పెద్ద ప్రోస్టేట్‌ను లేజర్‌తో ఒలిచి తీసే హోలెప్ అయితే మూడు లీటర్ల సంచులు డజను దాటి పోతాయి. వాటిని వెచ్చబెట్టి ఉంచాలి, లేకపోతే పేషెంటు వణికిపోతాడు. ఈ పనంతా చూసేది ఓటీ సిస్టర్. ముందురోజు రిహార్సల్‌కు సర్జన్ రాకపోయినా ఫర్వాలేదు, సిస్టర్, టెక్నీషియన్, సీ-ఆర్మ్ (థియేటర్‌లో వాడే ఎక్స్‌రే యంత్రం) కుర్రాడు మాత్రం ఉండి తీరాలి.

ఫ్లెక్సిబుల్ స్కోపులు ఆటోక్లేవ్‌లో పెట్టేవి కావు. ప్లాస్మా స్టెరిలైజర్ ఉంటే గంటలో పని అయిపోతుంది. గ్యాస్ మీద ఆధారపడితే ఆ రోజుకు ఆ స్కోపు మళ్ళీ రాదు. వరుసగా రెండు ఆర్ఐఆర్ఎస్‌లు (మూత్రమార్గం నుంచి వంగే స్కోపు పంపి కిడ్నీ రాయి తీయడం) పెట్టుకుంటే రెండు స్కోపులు, వాటికి తోడు ఒక డిస్పోజబుల్ చేతిలో ఉండాలి.

తెర మీదకు పేషెంటు వివరాలు రాకుండా చూడటం ఎవరికో ఒకరికి విడిగా అప్పగించండి. అందరూ ముఖం సంగతే ఆలోచిస్తారు. సీటీ ఫిల్మ్ మూల మీద పేరు, వయసు, ఆస్పత్రి నంబరు ఉంటాయి. సీ-ఆర్మ్ తెర పైభాగంలోనూ ఉంటాయి. కేసు మొదలయ్యే ముందే అవి మార్చి నంబరు మాత్రమే పెట్టించండి.

ఇక హాలుకూ థియేటర్‌కూ మధ్య మాటలు. రెండు వేర్వేరు కంపెనీల ఫైబర్ లైన్లు తీసుకోండి, సెల్ డేటాను నమ్ముకోవద్దు. మోడరేటర్లకు ముందే చెప్పండి, సూది గుచ్చేటప్పుడు, కిడ్నీలోకి దారి (ట్రాక్ట్) వెడల్పు చేసేటప్పుడు ప్రశ్నలుండవు. థియేటర్ వైపు మైకు ఆపే స్విచ్ ఒకటి ఉండాలి. అది సర్జన్ చేతిలో కాదు, పేషెంటు తరఫున నిలబడే సీనియర్ డాక్టరు చేతిలో ఉండాలి. ఆయనకు సదస్సులో ఏ పదవీ ఉండకూడదు. మత్తు డాక్టరు ఆగమంటే ఆగాలి, ఆ సీనియర్ "చాలు, తెర కట్టేయండి" అంటే కట్టేయాలి. హాల్లో మూడొందల మంది ఖాళీ తెర చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. కూర్చోనివ్వండి. మోడరేటర్ దగ్గర ఒక సెమీ లైవ్ వీడియో సిద్ధంగా ఉంటే ఆ పావుగంట గడిచిపోతుంది.

కుర్రాళ్ళ పేపర్లు

పాతకాలపు పద్ధతి మీకు తెలుసు. పెద్దల ఉపన్యాసాలన్నీ పెద్ద హాల్లో, ఉదయం పూట. రెసిడెంట్ల పేపర్లు చివరి రోజు భోజనాల తర్వాత, కిచెన్ పక్క గదిలో. చైర్‌పర్సన్లు ఇద్దరిలో ఒకరు రారు, వచ్చినాయన ఎయిర్‌పోర్టుకు కారు ఎప్పుడని ఫోన్ చూసుకుంటుంటాడు. పేపరు చదివే ఆ పిల్ల మూడేళ్ళ కోర్సులో ఏడాదంతా ఓపీ రిజిస్టర్లు తిరగేసి లెక్కలు తీసింది. వినేది తన గైడూ, తన తర్వాత చదవాల్సిన కుర్రాడూ.

దాన్ని తిరగేయండి. బెస్ట్ పేపర్ సెషన్ రెండో రోజు ఉదయం, పెద్ద హాల్లో, ఇనాగరేషన్‌కు ముందు పెట్టండి. ఆ టైముకు హాలు నిండే ఉంటుంది, మంత్రిగారు ఎలాగూ ఆలస్యంగానే వస్తారు. ఆరు నిమిషాలు చదవడానికి, రెండు నిమిషాలు ప్రశ్నలకు. ముందు వరుసలో కనబడేలా పెద్ద అంకెల గడియారం పెట్టండి. టైమైపోగానే మైకు దానంతటదే ఆగిపోతే ఎవరికీ ఎవరి మీదా కోపం రాదు. ఈ నియమం పెద్దలకు కూడా వర్తించాలి. అక్కడే అసలు పరీక్ష.

ప్రశ్నలడిగేవాళ్ళకు కూడా ఒక షరతు పెట్టండి. ఒక వాక్యంలో అడగాలి. "ఇది ప్రశ్న కాదు, నా అనుభవం చెబుతున్నాను" అని లేచేవారి దగ్గర మైకు తీసుకోవడానికి మంచి నేర్పున్న వాలంటీరు కావాలి. హౌస్ సర్జన్లలో నవ్వుముఖం ఉన్నవాళ్ళను వేసుకోండి.

అబ్‌స్ట్రాక్ట్‌లు వడపోసేటప్పుడు పేర్లు, కాలేజీ పేర్లు తీసేసి ఇద్దరికి వేర్వేరుగా పంపండి. కార్పొరేట్ ఆస్పత్రి నుంచి రోబో వీడియో వస్తే అందరికీ కళ్ళు చెదురుతాయి. జిల్లా ఆస్పత్రి నుంచి "మా దగ్గర మర్చిపోయిన స్టెంట్లు" అని వచ్చిన పేపరు పక్కకు పోతుంది. నాకైతే రెండోదే కావాలి. స్టెంట్ వేయించుకుని ఊరెళ్ళిపోయి ఏళ్ళ తర్వాత దాని మీద రాయి కట్టి వచ్చినవాళ్ళను మనలో చూడనిదెవరు?

చదవబోయే తమ్ముళ్ళూ, మీకూ కొంచెం చెప్పాలి. ప్రివ్యూ గదికి ముందురోజు సాయంత్రమే వెళ్ళి స్లైడ్లు ఎక్కించి, వీడియో ఆడుతుందో లేదో కళ్ళతో చూడండి. మీ ల్యాప్‌టాప్‌లో ఆడిందంటే అక్కడ ఆడుతుందని లేదు. స్లైడు నిండా టేబుల్ పెట్టి "క్షమించండి, ఇది కనబడకపోవచ్చు" అనొద్దు. కనబడనిది పెట్టడం ఎందుకు? కాంప్లికేషన్స్ స్లైడ్ ఒకటి తప్పకుండా ఉండాలి. జ్వరం ఎంతమందికి వచ్చింది, రక్తం ఎంతమందికి ఎక్కించారు. "ఏమీ రాలేదు" అని రాస్తే ముందు వరుసలోవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. తెలియని ప్రశ్న వస్తే "అది మా డేటాలో చూడలేదు సార్" అనండి, అంతే.

పోస్టర్లకు నడవాలో టీ స్టాల్ పక్కన చోటివ్వండి. టీ కప్పుతో నిలబడ్డప్పుడే మనవాళ్ళు చదువుతారు.

ఇక్కడి సంగతి ఒకటి. ఉత్తరాంధ్రలో సదస్సు పెట్టి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మీద ఒక సెషన్ లేకపోతే అది లోటే. కవిటి, సోంపేట, కంచిలి, పలాస ఇలా ఆ మండలాల కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా ఎవరూ తేల్చలేదు. పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్‌లో మొదలయ్యాయి. అది నెఫ్రాలజిస్టుల పని కదా అంటారు. డయాలసిస్ ఫిస్టులా, కాథెటర్, ట్రాన్స్‌ప్లాంట్ వచ్చేసరికి ఫోన్ మనకే వస్తుంది. అక్కడ పనిచేసే డాక్టర్లను పిలిచి గంట ఇవ్వండి, ఢిల్లీ నుంచి వచ్చిన అతిథులకు కూడా కొత్త విషయం తెలుస్తుంది. "నా చేతిలో చెడిన కేసు" సెషన్ కూడా ఒకటి పెట్టండి. ఫొటోలు, రికార్డింగ్ వద్దు. హాలు చాలదు.

డబ్బు, కాగితాలు

పాత రోజుల్లో డాక్టరు టికెట్, హోటలు కంపెనీ చూసుకునేది. 2024 మార్చి 12న వచ్చిన ఫార్మా మార్కెటింగ్ నియమావళి ప్రకారం ఉపన్యాసం ఇచ్చేవారికి తప్ప డెలిగేట్లకు ప్రయాణం, బస కంపెనీలు ఇవ్వకూడదు. కానుకలూ ఇవ్వకూడదు. అంతకు ముందే 2022 జూలై నుంచి ఏడాదికి 20,000 దాటిన ప్రయోజనాలకు 10 శాతం టీడీఎస్ వచ్చింది. కాబట్టి మీ బడ్జెట్ రిజిస్ట్రేషన్ ఫీజు మీదా, స్టాళ్ళ అద్దె మీదా నిలబడాలి. స్టాలుకు ఒప్పందం, జీఎస్టీ బిల్లు, సంఘం ఖాతాలోనే జమ. సొంత ఖాతాలోకి ఒక్క రూపాయి రానివ్వొద్దు, "తర్వాత సర్దుకుందాం సార్" అనే మాట వినొద్దు. చార్టర్డ్ అకౌంటెంటును మొదటి మీటింగ్‌కే పిలవండి. రెసిడెంట్ల ఫీజు తక్కువ పెట్టి, స్పాట్ రిజిస్ట్రేషన్ ఫీజు బాగా పెంచండి, అప్పుడే జనం ముందుగా కడతారు.

మెడికల్ కౌన్సిల్ క్రెడిట్ గంటలకు ముందుగానే దరఖాస్తు పెట్టండి. అయిదేళ్ళకోసారి రెన్యువల్‌కు 30 గంటలు కావాలి కాబట్టి సగం మంది దాని కోసమే వస్తారు. పరిశీలకుడికి కుర్చీ, హాజరు పుస్తకం రెండూ తయారుగా ఉంచండి. సర్టిఫికెట్లు చివరి రోజు మధ్యాహ్నం తర్వాతే ఇవ్వండి. ఎందుకో చెప్పనక్కర్లేదు.

హాలు, బస, తిండి

హాలు చూడ్డానికి వెళ్ళినప్పుడు అందరూ షాండ్లియర్లు చూస్తారు. మీరు టాయిలెట్లు లెక్కపెట్టండి. మన సంఘంలో అరవై దాటినవాళ్ళు తక్కువేం కాదు, ప్రోస్టేట్ ఇబ్బంది డాక్టర్లకూ ఉంటుంది. టీ బ్రేక్ పావుగంట ఇచ్చి నాలుగు యూరినల్స్ ఉన్న హాలు తీసుకుంటే తర్వాతి సెషన్ అరగంట ఆలస్యం. మంచినీళ్ళు కూడా. రోజుకు రెండున్నర మూడు లీటర్లు తాగమని పేషెంట్లకు చెప్పి పంపిస్తాం, మన హాల్లో మాత్రం నీళ్ళు వేదిక మీదవాళ్ళకే. ప్రతి వరుస చివరా డబ్బా పెట్టించండి.

రుషికొండ వైపు హోటళ్ళు అందంగా ఉంటాయి, కానీ స్టేషన్ నుంచి దూరం. ఊళ్ళో బీచ్ రోడ్డు మీద పెడితే తెల్లవారుజామున నడకకు వెళ్ళి, వచ్చి సెషన్లో కూర్చోవచ్చు. నేను ఊళ్ళోదే తీసుకుంటాను. రుషికొండ తీసుకుంటే మధ్యాహ్నం నుంచి డెలిగేట్లు ఇసుకలో ఉంటారు, హాల్లో ఉండరు. అరకు ట్రిప్ సదస్సు అయిపోయిన మర్నాడు పెట్టండి, మధ్యలో పెట్టొద్దు.

రైల్లో వచ్చేవాళ్ళ టికెట్లు ముందే అడిగి చూడండి. కొన్ని రైళ్ళు విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడ మీదుగా పోతాయి. అర్ధరాత్రి దువ్వాడలో దిగిన కర్నూలు డాక్టరు మీకు ఫోన్ చేసి "నేను వైజాగ్‌లోనే ఉన్నాను కదా?" అంటాడు. గాజువాక అవతలకు కారు పంపాలి. ఆ జాబితా ఒక కుర్రాడి చేతిలో పెట్టండి.

భోజనాలు సింపుల్‌గా. వెజ్, నాన్‌వెజ్ వరుసలు దూరంగా, చేపల పులుసు ఒక్కటి బాగా చేయించండి, పనీర్ రకాలు తగ్గించండి. జ్ఞాపికలకు గాజు షీల్డులు వద్దు, అవి ఇంట్లో అటక మీదకు పోతాయి. ఏటికొప్పాక లక్క బొమ్మలు ఇవ్వండి. అంకుడు కర్ర, సహజ రంగులు, పక్కనే ఉన్న ఊరు. కళాకారులకు రెండు నెలల ముందే ఆర్డర్ ఇవ్వాలి, ఆఖరి వారంలో వెళ్ళి బేరమాడితే దొరకవు. తియ్యగా ఏమైనా పంపాలనుకుంటే మాడుగుల హల్వా.

అయిపోయాక

ఆదివారం సాయంత్రం ఫ్లెక్సీలు దించేస్తారు, అందరూ గ్రూప్ ఫొటో పెట్టి వెళ్ళిపోతారు. సోమవారం ఉదయం మీ మొదటి పని వార్డుకు వెళ్ళి లైవ్ కేసులను చూడడం. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), హీమోగ్లోబిన్, జ్వరం చార్టు చూసి అతిథి సర్జన్‌కు మెసేజ్ పెట్టండి. ఆయన అడగకపోయినా పెట్టండి. కాంప్లికేషన్ ఏదైనా వస్తే దాచకుండా ఎథిక్స్ కమిటీకి రాయండి, నెల తర్వాత సంఘానికి పంపే నివేదికలో కూడా చేర్చండి.

స్టాళ్ళవాళ్ళ బకాయిలు, హాలు అడ్వాన్స్, వాలంటీర్లకు ఇవ్వాల్సిన చిన్న మొత్తాలు రెండు వారాల్లో తేల్చేయండి. లెక్కలు ఆడిట్ చేయించి వచ్చే జనరల్ బాడీకి ముందే పంపండి. మిగులు ఉంటే రెసిడెంట్ల ప్రయాణ నిధికి తీర్మానం రాయించండి, లేకపోతే వచ్చే ఏడాది సదస్సు డిన్నర్‌లో కరిగిపోతుంది. వెండర్ల నంబర్లు, ఫారాలు, అబ్‌స్ట్రాక్ట్ మార్కుల పట్టిక, ఏ హాల్లో ఏ ప్లగ్ పనిచేయదో అన్నీ ఒక ఫోల్డర్లో పెట్టి తర్వాతి ఊరి సెక్రటరీకి ఇవ్వండి. నాకు ముందు చేసినాయన ఇచ్చింది ఒక విజిటింగ్ కార్డు మాత్రమే.

చివరగా, వర్క్‌షాపులో డీజే స్టెంట్ వేసిన ప్రతి పేషెంటు పేరు, ఊరు, రెండు ఫోన్ నంబర్లు, స్టెంట్ తీయాల్సిన తేదీ మీ సొంత రిజిస్టర్లో రాసుకోండి. ఒక నంబరు పేషెంటుది, ఇంకోటి ఊళ్ళో ఫోన్ ఎత్తే మనిషిది. పాడేరు పైనుంచి వచ్చినవాళ్ళకు సిగ్నల్ దొరకదు కాబట్టి ఆశా వర్కర్ నంబరు తీసుకోండి. ఆ తేదీకి వారం ముందు ఫోన్ చేయించండి, రాకపోతే మళ్ళీ చేయించండి. తీసేశాక రిజిస్టర్లో సంతకం పెట్టండి. ఆఖరి సంతకం పడేదాకా సదస్సు ఫైలు మూసేయకండి.